మైనస్ ఒకటి వచ్చాక ఏం చేయాలి? సీ ప్రోగ్రామర్ల ప్రశ్నలకు జవాబులు

సిస్టమ్ కాల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌ను ఒక పని అడిగే పిలుపు, ఫెయిలైనప్పుడు ప్రోగ్రామ్ ఏం చేయాలి, ఏం చెప్పాలి అన్న విషయం మీద కొన్ని నెలలుగా ఉత్తరాలు పోగవుతున్నాయి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు పట్టింది. అందులోని చిక్కు అంత చక్కగా ముడిపడి ఉంది.

ప్రశ్న: సీలో ఒక చిన్న సర్వీస్ రాశాను. మొదలవగానే సెట్టింగుల ఫైలు తెరిచి చదువుకుంటుంది. టెర్మినల్‌లో నడిపితే ఏ ఇబ్బందీ లేదు. సర్వీసుగా పెట్టి, మెసేజ్‌లను లాగ్ ఫైలుకు మళ్లిస్తే మాత్రం "ఫైలు తెరవలేకపోయాను: ఇన్‌అప్రోప్రియేట్ ఐఓసీటీఎల్ ఫర్ డివైస్" అని రాసి ఆగిపోతోంది. నా ప్రోగ్రామ్‌లో ఐఓసీటీఎల్ అన్న మాటే లేదు. డిస్క్ పాడైందేమోనని ఇంకో మెషీన్‌లోనూ చూశాను, అక్కడా ఇదే. కోడ్ జత చేస్తున్నాను.

జవాబు: మీ డిస్క్‌కు ఏమీ కాలేదు. మీ ప్రోగ్రామ్ మీకు తప్పు కారణం చెబుతోంది. అసలు కారణం వేరే ఉంది, అది మధ్యలో చెరిగిపోయింది.

మీరు పంపిన కోడ్‌లో ఓపెన్ ఫెయిలవగానే ముందు మీ లాగ్ ఫంక్షన్‌ను పిలుస్తున్నారు. అది టైమ్ వేసి, అక్షరాలకు ఎరుపు రంగు పెట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి ఐసాటీ ఫంక్షన్‌ను అడుగుతోంది: "ఈ ఔట్‌పుట్ టెర్మినలేనా?" అని. ఆ తర్వాతే మీరు ఎర్‌నో విలువను, అంటే ఫెయిలైన కారణపు నంబరును, దాన్ని మాటల్లోకి మార్చే స్ట్రెర్రర్‌కు ఇచ్చి మెసేజ్ తెప్పించుకుంటున్నారు. చిక్కంతా ఈ వరుసలోనే ఉంది.

ఎర్‌నో ఒక పలక లాంటిది. థ్రెడ్‌కు ఒకే పలక. ఎవరు చివరగా రాస్తే వాళ్ల రాతే మిగులుతుంది. లినక్స్ కెర్నెల్‌కు అసలు ఎర్‌నో అన్న వేరియబుల్ సంగతే తెలియదు. కాల్ ఫెయిలైతే అది మైనస్ 2 లాంటి ఒక రుణసంఖ్యను రిజిస్టర్‌లో పెట్టి వెనక్కి పంపుతుంది. సీ లైబ్రరీలోని చిన్న తొడుగు ఫంక్షన్ ఆ సంఖ్య మైనస్ 1కి, మైనస్ 4095కి మధ్య ఉందా అని చూస్తుంది. ఉంటే 2ను ఎర్‌నోలో రాసి, మీకు మైనస్ 1 అందిస్తుంది. కాల్ సక్సెస్ అయితే పలకను తుడవదు, పాత రాత అలాగే ఉంటుంది. అందుకే ఎర్‌నో సున్నా కాదు కదా అని చూసి ఫెయిలైందని తేల్చకూడదు. ముందు రిటర్న్ వాల్యూ చూడాలి, అది ఫెయిలైందని చెబితేనే ఎర్‌నో వైపు చూడాలి.

మీ ప్రోగ్రామ్‌ను ఎస్‌ట్రేస్ కింద నడిపి చూడండి, అది ప్రతి సిస్టమ్ కాల్‌నూ, దాని జవాబునూ చూపిస్తుంది. ఈ రెండు వరుసలు పక్కపక్కనే కనిపిస్తాయి:

ఓపెన్‌ఎట్(..., "సెట్టింగ్స్.కాన్ఫ్", ...) = -1 ఈనోఎంట్
ఐఓసీటీఎల్(2, టీసీగెట్స్, ...) = -1 ఈనాట్‌టీటీవై

మొదటిది మీ అసలు కష్టం. ఈనోఎంట్ అంటే 2, అలాంటి ఫైలు లేదని అర్థం. రెండోది ఐసాటీ లోపల జరిగేది, ఐఓసీటీఎల్ అంటే డివైస్‌ను ప్రశ్నించే కాల్. టెర్మినల్ కాదు, ఫైలు అని తెలిసింది, అది మామూలు జవాబే. కానీ ఆ జవాబు చెప్పే క్రమంలో పలక మీద ఈనాట్‌టీటీవై సంఖ్య 25 రాసేసింది. మీ లాగ్‌లోని మెసేజ్ దానిదే. పాత యూనిక్స్‌లో ఇదే 25కు "నాట్ ఎ టైప్‌రైటర్" అన్న మెసేజ్ ఉండేది. అది చూసి ఎంతమంది లేని టైప్‌రైటర్ కోసం వెతికారో! టెర్మినల్‌లో నడిపినప్పుడు ఐసాటీ ఫెయిలవదు కాబట్టి, అక్కడ ఓపెన్ ఫెయిలైనా మెసేజ్ సరిగ్గానే వచ్చేది. మీరు కూర్చుని చూసే చోట నిజం చెప్పి, మీరు లేని చోట అబద్ధం చెప్పే కోడ్ ఇది. ఇలాంటివి పట్టుకోవడం చాలా కష్టం.

మందు రెండు రకాలు. ఫెయిలైన వెంటనే, ఇంకే ఫంక్షన్‌నూ పిలవకముందే, ఎర్‌నోను ఒక లోకల్ వేరియబుల్‌లోకి తీసుకోండి. దీనికన్నా మంచిది, లాగ్ ఫంక్షన్ లోపలే మొదటి వరుసలో ఎర్‌నోను దాచి, చివరి వరుసలో తిరిగి పెట్టేయడం. అప్పుడు దాన్ని పిలిచే వందచోట్లా ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. సిగ్నల్ హ్యాండ్లర్ (సిగ్నల్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) రాసేటప్పుడు కూడా ఇదే పద్ధతి, అక్కడైతే తప్పనిసరి. ఏ రెండు వరుసల మధ్య అది దూరుతుందో మీ చేతుల్లో ఉండదు.

ఇక ఫైలు ఎందుకు లేదు? మీరు "సెట్టింగ్స్.కాన్ఫ్" అని పేరు మాత్రం ఇచ్చారు, పూర్తి దారి ఇవ్వలేదు. టెర్మినల్‌లో మీరు ఆ ఫోల్డర్‌లోనే నిలబడి నడుపుతారు. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ కింద సిస్టమ్ సర్వీసు, వేరే చెప్పకపోతే, రూట్ డైరెక్టరీలో మొదలవుతుంది. అక్కడ మీ ఫైలు లేదు. పూర్తి దారి ఇవ్వండి, లేదా సర్వీస్ ఫైలులో వర్కింగ్ డైరెక్టరీ రాయండి.

ఇంకొకటి. మీ మెసేజ్‌లో "ఫైలు" అని ఉంది కానీ ఏ ఫైలో లేదు. ఓపెన్‌కు ఇచ్చిన పేరును ఉన్నదున్నట్టు, కోట్స్ మధ్య ప్రింట్ చేసి ఉంటే, ముందు స్లాష్ లేదని మీకే కనబడేది. ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు. కోట్స్ అని ఎందుకు అంటున్నానంటే, పేరు చివర ఒక ఖాళీ గానీ కొత్త వరుస గుర్తు గానీ అంటుకుని ఉంటే కోట్స్ లేకుండా అవి కంటికి ఆనవు. కాన్ఫిగ్ ఫైలు నుంచి చదివిన పేర్లకు ఈ జబ్బు మరీ ఎక్కువ.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ విద్యార్థినిని. ప్రతి కాల్‌కూ చెక్ పెడితే పది వరుసల ఫంక్షన్ నలభై వరుసలవుతోంది. అసలు లాజిక్ కనిపించడం లేదు. నిజంగా అన్నీ చెక్ చేస్తారా? వదిలేయదగ్గవి ఏవైనా ఉన్నాయా?

జవాబు: వదిలేయదగ్గవి ఉన్నాయమ్మా. చదవడానికి మాత్రమే తెరిచిన ఫైలును క్లోజ్ చేసేటప్పుడు వచ్చే రిటర్న్ వాల్యూను నేను పట్టించుకోను. ఎర్రర్ మెసేజ్ రాయబోతే ఆ రాయడమే ఫెయిలైతే దాని గురించి చెప్పడానికి ఇంకో చోటు లేదు కాబట్టి అదీ వదిలేస్తాను. ఏది వదలొచ్చో తేల్చుకోవడానికి నాకు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది ఫెయిలైతే ఆ తర్వాతి వరుస హాని చేస్తుందా? చేస్తుందంటే చెక్ ఉండి తీరాలి.

ఆ ప్రశ్న వేసుకోవడం నాకు ఎలా అలవాటైందో చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కొన్ని పరికరాల రీడింగులను గంటకోసారి ఒకే ఫైలులో భద్రపరిచే ప్రోగ్రామ్ రాశాను. పద్ధతి మంచిదే: కొత్త ఫైలులో అంతా రాసి, క్లోజ్ చేసి, రీనేమ్‌తో పాత ఫైలు స్థానంలో పెట్టడం. మధ్యలో కరెంటు పోయినా పాతదో కొత్తదో ఏదో ఒకటి పూర్తిగా ఉంటుందని నా ధీమా. ఒకరోజు డిస్క్ నిండిపోయింది. ఓపెన్ సక్సెస్ అయింది, ఎందుకంటే ఖాళీ ఫైలు పుట్టించడానికి పెద్దగా చోటు అక్కర్లేదు. రైట్ ఫెయిలైంది, ఈనోస్పేస్, 28. నేను దాని రిటర్న్ వాల్యూ చూడలేదు. క్లోజ్ సక్సెస్. రీనేమ్ సక్సెస్. మూడు వారాల రీడింగులున్న మంచి ఫైలు మీద సున్నా బైట్ల ఫైలు వచ్చి కూర్చుంది. తర్వాతి గంటకు ప్రోగ్రామ్ ఆ ఖాళీ ఫైలు చదివి, ఇంకా ఏ రీడింగూ లేదనుకుని, మొదటి నుంచి మొదలుపెట్టింది.

ఆ పరికరాలు చూసుకునే పెద్దాయన నన్ను తిట్టలేదు. "ప్రోగ్రామ్ ఏమీ చెప్పలేదు కదమ్మా" అని మాత్రం అన్నారు. డిస్క్ నిండడం నా తప్పు కాదు. రైట్ ఫెయిలైందని తెలిసే అవకాశం ఉండి కూడా రీనేమ్ వరకు వెళ్లడం నా తప్పు. ఆ ఒక్క చెక్ ఉంటే పాత ఫైలు చెక్కుచెదరకుండా ఉండేది, ఒక గంట రీడింగు మాత్రమే పోయేది.

కాబట్టి రాసే వైపు దేన్నీ వదలొద్దు. రైట్ మైనస్ 1 ఇవ్వకపోయినా పని పూర్తయినట్టు కాదు. 8192 బైట్లు ఇస్తే 5000 మాత్రమే రాసి, 5000 అని చెప్పి ఊరుకోవచ్చు. అది ఎర్రర్ కాదు. మిగిలిన 3192తో మళ్లీ పిలవాలి, అప్పుడు అసలు ఎర్రర్ బయటపడవచ్చు. క్లోజ్‌ను కూడా చూడాలి. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌లో, రాసినదంతా సర్వర్‌కు చేరలేదన్న సంగతి క్లోజ్ దగ్గరే తెలియవచ్చు. ఆ డేటా డిస్క్ మీదకు నిజంగా చేరాలంటే క్లోజ్‌కు ముందు ఎఫ్‌సింక్ చేయాలి, దాన్నీ చూడాలి.

ఎఫ్‌సింక్ ఫెయిలైతే మళ్లీ పిలుద్దాంలే అనుకోకండి. 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్లు ఈ సంగతి కనుక్కుని ఉలిక్కిపడ్డారు. లినక్స్‌లో డిస్క్‌కు రాయడం విఫలమైన మెమరీ పేజీలను కెర్నెల్ శుభ్రమైనవిగా, అంటే ఇక రాయాల్సింది లేనివిగా, గుర్తు పెట్టేయవచ్చు. ఒకసారి ఎర్రర్ చెప్పాక, రెండో ఎఫ్‌సింక్ "అంతా బాగుంది" అంటుంది, డేటా మాత్రం డిస్క్ మీద ఉండదు. అందుకే వాళ్లు ఆ తర్వాత ఎఫ్‌సింక్ ఫెయిలైతే సర్వర్‌ను అక్కడికక్కడ ఆపేసి, మార్పులను ముందే రాసి ఉంచుకునే లాగ్ నుంచి డేటాను మళ్లీ కట్టుకునేలా మార్చారు. దశాబ్దాలుగా డేటాను కాపాడటమే పనిగా పెట్టుకున్నవాళ్లే మళ్లీ పిలిస్తే చాలనుకున్నారంటే, ఈ విషయం ఎంత లోతైనదో చూడండి.

ఇక కోడ్ పెరిగిపోవడం గురించి. నాలుగు చోట్ల నాలుగు రకాలుగా క్లోజ్ చేసి రిటర్న్ అవడం కన్నా, ఫంక్షన్ చివర ఒకే శుభ్రం చేసే చోటు పెట్టి, ఫెయిలైన ప్రతిచోట నుంచీ గోటూతో అక్కడికి వెళ్లండి. గోటూ చెడ్డదని క్లాసులో చెప్పి ఉంటారు. సీలో ఈ ఒక్క పనికి అంతకన్నా మంచి పరికరం లేదని నా నమ్మకం, లినక్స్ కెర్నెల్ కోడ్ నిండా ఇదే పద్ధతి ఉంటుంది. ఒక్కటే జాగ్రత్త. ఆ శుభ్రం చేసే చోట పిలిచే క్లోజ్, ఫైలును తీసేసే అన్‌లింక్ కూడా పలక మీద రాస్తాయి. పై ఉత్తరంలోని కథే మళ్లీ జరుగుతుంది. ఎర్‌నోను ముందే దాచుకుని వెళ్లండి.

ప్రశ్న: ఫైలు లేకపోతే నా ప్రోగ్రామ్ చక్కగా ఎర్రర్ చెబుతుంది. ఫైలు ఉంటే మాత్రం ఏమీ చదవకుండా స్తంభించిపోతుంది. ఎంటర్ నొక్కితే కదులుతుంది. ఇఫ్ (ఎఫ్‌డీ = ఓపెన్(పేరు, ఓ_ఆర్‌డీఓన్లీ) < 0) అని రాశాను.

జవాబు: బ్రాకెట్లు ఒక జత తక్కువయ్యాయి. సీలో పోలిక ముందు జరుగుతుంది, అసైన్‌మెంట్ తర్వాత. ఓపెన్ 3 ఇచ్చిందనుకోండి, 3 సున్నా కన్నా తక్కువా? కాదు, అంటే 0. ఆ 0 ఎఫ్‌డీలోకి (తెరిచిన ఫైలు నంబరు ఉండాల్సిన చోటుకి) వెళ్లింది. 0 అంటే స్టాండర్డ్ ఇన్‌పుట్, మీ కీబోర్డ్! ప్రోగ్రామ్ మీరు టైప్ చేస్తారని ఎదురుచూస్తోంది. ఫెయిలైనప్పుడు పోలిక నిజమవుతుంది కాబట్టి ఎర్రర్ దారి సరిగ్గా పనిచేస్తోంది. అసైన్‌మెంట్‌ను విడిగా ఒక వరుసలో, పోలికను తర్వాతి వరుసలో రాయండి. జీసీసీ కంపైలర్‌కు వాల్ (-Wall) ఆప్షన్ ఇచ్చి ఉంటే అదే హెచ్చరించేది.

పనిలో పనిగా, రీడ్ ఇచ్చే విలువను సైజ్_టీలో కాకుండా ఎస్‌సైజ్_టీలో పెట్టుకోండి. సైజ్_టీకి మైనస్ గుర్తు ఉండదు. 64 బిట్ల మెషీన్‌లో అందులో మైనస్ 1 పెడితే 18446744073709551615 అవుతుంది. సున్నా కన్నా తక్కువా అన్న మీ చెక్ ఎన్నటికీ నిజం కాదు.

ప్రశ్న: ప్రోగ్రామ్‌లో టైమర్ పెట్టినప్పటి నుంచి రీడ్ అప్పుడప్పుడు "ఇంటరప్టెడ్ సిస్టమ్ కాల్" అంటోంది. ఫెయిలైతే ఆగిపోవాలని చెక్ పెట్టాను, ఇప్పుడు ఊరికే ఆగిపోతోంది.

జవాబు: ఇది నిజమైన వైఫల్యం కాదు. రీడ్ నిద్రలో ఉండగా సిగ్నల్ వచ్చి లేపింది, అంతే. పేరు ఈఇంటర్, సంఖ్య 4. రెండు పనులు చేయండి. సిగ్‌యాక్షన్‌తో హ్యాండ్లర్ పెట్టేటప్పుడు ఎస్‌ఏ_రీస్టార్ట్ ఫ్లాగ్ ఇవ్వండి, రీడ్, రైట్ లాంటివి చాలావరకు వాటంతటవే మళ్లీ మొదలవుతాయి. ఆ ఫ్లాగ్ ఇచ్చినా పోల్, సెలెక్ట్, నానోస్లీప్ లాంటివి మాత్రం ఈఇంటర్‌తోనే తిరిగొస్తాయి కాబట్టి వాటి చుట్టూ లూప్ ఉండాలి.

కానీ క్లోజ్ చుట్టూ మాత్రం ఆ లూప్ పెట్టొద్దు. లినక్స్‌లో క్లోజ్ ఈఇంటర్ అన్నా ఆ ఎఫ్‌డీ అప్పటికే విడుదలైపోయి ఉంటుంది. అదే నంబరును ఇంకో థ్రెడ్ ఈలోపు కొత్త ఫైలుకు పొంది ఉండవచ్చు. మీ రెండో క్లోజ్ ఆ థ్రెడ్ ఫైలును మూసేస్తుంది.

ప్రశ్న: నేను రాసే లైబ్రరీని మా టీమ్‌లో నలుగురు వాడతారు. ప్రతి ఫంక్షన్‌లోనూ పెర్రర్ పెట్టాను. ఒక్క ఫైలు లేకపోతే ఐదు వరుసల మెసేజ్‌లు వస్తున్నాయని వాళ్ల ఫిర్యాదు. ఎక్కడ ప్రింట్ చేయాలి, ఎక్కడ ఊరుకోవాలి?

జవాబు: వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. లైబ్రరీ ప్రింట్ చేయకూడదు, ఎగ్జిట్ అసలే పిలవకూడదు. ఫైలు లేకపోవడం పెద్ద విషయమో కాదో లైబ్రరీకి తెలియదు. పిలిచినవాళ్లకు తెలుసు. లేకపోతే కొత్తది పుట్టిద్దాం అనుకునేవాళ్లకు ఈనోఎంట్ కబురు మాత్రమే, ఎర్రర్ కాదు. కాబట్టి కారణాన్ని చెక్కుచెదరకుండా పైకి పంపండి. మెసేజ్‌గా మార్చే పని, నిర్ణయం ఎక్కడ జరుగుతుందో అక్కడ, ఒక్కసారే.

ఆ మెసేజ్‌లో నాలుగు ముక్కలు ఉండాలని నేను పట్టుబడతాను: ఏ ప్రోగ్రామ్, ఏం చేయబోయింది, దేని మీద, ఎందుకు కుదరలేదు. ఎర్‌నో మెసేజ్‌ను ప్రింట్ చేసే పెర్రర్‌కు ఒక్క ముక్కే ఇవ్వగలం కాబట్టి చాలామంది "ఓపెన్" అని ఇచ్చి వదిలేస్తారు. "ఓపెన్: పర్మిషన్ డినైడ్" అన్న వరుసతో రాత్రిపూట డ్యూటీలో ఉన్న మనిషి ఏం చేయగలడు? ఏ ఫైలో తెలియదు. ఎఫ్‌ప్రింట్‌ఎఫ్‌తో మీరే కూర్చి స్టాండర్డ్ ఎర్రర్‌కు పంపండి. లినక్స్‌లో ఎక్కువగా ఉండే సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో అయితే ఫార్మాట్‌లో పర్సెంట్ ఎమ్ (%m) అని రాస్తే ఎర్‌నో మెసేజ్ అక్కడ వచ్చి పడుతుంది.

పిలిచినవాళ్లు ఏ ఎర్రర్ అని తేల్చుకోవాల్సి వస్తే పేర్లతోనే పోల్చాలి. మెసేజ్ అక్షరాలతో పోల్చకూడదు, లొకేల్ (భాష సెట్టింగు) మారితే అవి మారతాయి. అంకెలతోనూ పోల్చకూడదు. ఈఅగైన్ (ఇప్పుడు కుదరదు, మళ్లీ ప్రయత్నించు) లినక్స్‌లో సాధారణంగా 11, మ్యాక్‌ఓఎస్‌లోనూ ఫ్రీబీఎస్‌డీలోనూ 35. అక్కడ 11 అంటే డెడ్‌లాక్!

మీ లైబ్రరీలో థ్రెడ్లు ఉన్నాయని రాశారు కాబట్టి ఇంకో మాట. థ్రెడ్ల కోసం ఉన్న పీథ్రెడ్ ఫంక్షన్లు ఎర్రర్ నంబరును నేరుగా రిటర్న్ చేస్తాయి, పలక మీద రాయవు. పీథ్రెడ్ క్రియేట్ ఫెయిలయ్యాక పెర్రర్ పిలిస్తే ఇంకెప్పుడో మిగిలిన రాత ప్రింటవుతుంది, "సక్సెస్" అని కూడా రావచ్చు. ఫైలును మెమరీలో కనిపించేలా చేసే ఎమ్‌మ్యాప్ కూడా వేరే దారి. ఫెయిలైతే నల్ ఇవ్వదు, మ్యాప్_ఫెయిల్డ్ ఇస్తుంది. ప్రతి ఫంక్షన్‌కూ మాన్యువల్‌లో రిటర్న్ వాల్యూ అన్న భాగం చదవక తప్పదు. నేను ఇప్పటికీ తెరిచి చూస్తాను.

ప్రశ్న: డిస్క్ నిండితే ఏం చేయాలో కోడ్ రాశాను. కానీ అది పనిచేస్తుందో లేదో చూడటానికి నిజంగా డిస్క్ నింపాలా?

జవాబు: అక్కర్లేదు. ఎప్పుడూ నడవని ఎర్రర్ దారిని నడిపి చూడాలన్న మీ ఆలోచన నాకు చాలా నచ్చింది. లినక్స్‌లో డెవ్ డైరెక్టరీ కింద ఫుల్ అనే డివైస్ ఉంది. దానికి ఏం రాసినా ఈనోస్పేస్ వస్తుంది. ఒక నిర్దిష్టమైన కాల్‌ను ఫెయిల్ చేయించాలంటే ఎస్‌ట్రేస్‌లో ఇంజెక్ట్ సదుపాయం ఉంది. మూడో రైట్‌కు మాత్రం ఈఐఓ (ఇన్‌పుట్/ఔట్‌పుట్ ఎర్రర్) ఇవ్వమని కూడా చెప్పవచ్చు, మీ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకుండా. ఎఫ్‌డీలు అయిపోతే ఏమవుతుందో చూడాలంటే షెల్‌లోని యూలిమిట్ కమాండ్‌తో తెరిచే ఫైళ్ల సంఖ్యను తగ్గించి నడపండి.

మొదట ఒక చిన్న ప్రయోగం చేయండి. అందరూ రాసే మొదటి ప్రోగ్రామ్, ప్రింట్‌ఎఫ్‌తో ఒక పలకరింపు రాసి సున్నా రిటర్న్ చేసేది, దాని ఔట్‌పుట్‌ను ఆ ఫుల్ డివైస్‌కు మళ్లించండి. తర్వాత ఎగ్జిట్ స్టేటస్ చూడండి. సున్నా వస్తుంది. ఒక్క అక్షరం ఎక్కడికీ చేరలేదు, అయినా ప్రోగ్రామ్ అంతా బాగుందని చెప్పింది. ప్రింట్‌ఎఫ్ అక్షరాలను బఫర్‌లో పెట్టి ఊరుకుంటుంది, అసలు రైట్ మెయిన్ ముగిశాక జరుగుతుంది. అప్పటికి మీ చెక్‌లన్నీ అయిపోయి ఉంటాయి. మెయిన్ చివర రిటర్న్‌కు ముందు ఎఫ్‌ఫ్లష్‌కు ఎస్‌టీడీఔట్ ఇచ్చి, అది ఏం రిటర్న్ చేసిందో చూసి, ఫెయిలైతే స్టాండర్డ్ ఎర్రర్‌కు కారణం రాసి 1తో బయటకు రండి. దానితో పాటు ఫెర్రర్‌ను కూడా అడగండి, మధ్యలో ఎప్పుడో ఒక రైట్ ఫెయిలై ఉంటే అది గుర్తుపెట్టుకుని చెబుతుంది. మళ్లీ అదే డివైస్‌కు మళ్లించి నడపండి. ఈసారి స్టేటస్ 1 రావాలి. వచ్చాక మీ అసలు ప్రోగ్రామ్‌ను కూడా అలాగే నడిపి, ఏం వచ్చిందో నాకు రాయండి.